ఎడమపక్క మనిషి

పోయిన వారం తోడికోడళ్ళిద్దర్నీ ఒకే జట్టుగా కట్టేసి, పరుగు పందెం గీత మీద నిలబెట్టి వదిలేశాం. వారం నుంచీ పాపం అలాగే నిలబడి ఉన్నారు, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. ఈల వేసేలోపు, కిందటి సంచిక అందని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. చదివినవాళ్ళు ఈలోగా మంచినీళ్ళు తాగి రండి.

కొండవీధి మొదట్లో ఒక లాండ్రీ ఉంది. దానికి మహారాణి అత్తగారు. మెడలో తాడుకి వేలాడే తాళాలగుత్తే ఆవిడ కిరీటం. పెద్దకొడుకు వ్యానులో బట్టలు తెచ్చి ఇస్తుంటాడు, చిన్నకొడుకు ఉతికే యంత్రాలు చూస్తాడు. పెద్దకోడలు ముందు బల్ల దగ్గర కూర్చుని మరకలు వెతుకుతుంది, చిరుగులకు రఫు చేస్తుంది. ఆవిడ రఫు చేసిందంటే చొక్కా సొంతదారుకి కూడా చిరుగు ఎక్కడుండేదో గుర్తురాదు. చిన్నకోడలు, అంటే మన మనిషి, వెనకగదిలో ఆవిరి ఇస్త్రీ దగ్గర ఉంటుంది. ఇక ఆ కొట్లో అత్తగారు పెట్టిన చట్టం ఒకటే. కౌంటరు మీద ఏది కనబడినా దానికి నంబరున్న గుడ్డముక్క కట్టాల్సిందే. చొక్కాలకీ దుప్పట్లకీ సరే, ఎవరో మర్చిపోయిన గొడుక్కీ, కళ్ళజోడుకీ, ఒకసారి అక్కడ ఆదమరిచి నిద్రపోతున్న పిల్లికీ కూడా కట్టేసింది మహాతల్లి. ఆ పిల్లి ఇప్పటికీ ఆ కొట్టు ముందు రోడ్డు దాటి అవతలి వైపు నుంచే పోతుంది.

తోడికోడళ్ళిద్దరూ ఊరి పరుగుల క్లబ్బులో ఉన్నారు. క్లబ్బులో అందరికీ పెట్టుడు పేర్లే. పెద్దావిడ ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది కాబట్టి 'గంజి', చిన్నావిడ వెళ్ళినచోటల్లా ఏదో ఒక రంగు అంటించి వస్తుంది కాబట్టి 'నీలిమందు'. కిందటేడు ఇదే కొండ పందెంలో, దిగుడులో, మోచేతిలా వంగిన మలుపు దగ్గర గంజి అడ్డంగా వచ్చి నీలిమందు కాళ్ళకు తగిలింది. చీలమండ విరిగింది. పడ్డచోట నుంచి తలెత్తి చూస్తే, వెనక్కి తిరక్కుండా పరిగెడుతున్న పెద్దకోడలి వీపు కనబడింది. "కళ్ళు కనబడట్లేదా నీకు!" అని కొండంతా అదిరేలా అరిచింది చిన్నకోడలు. ఆ పైన కట్టు కట్టించుకుని ఆసుపత్రి మంచమెక్కితే, ఊరంతా వచ్చి పలకరించింది గానీ పెద్దకోడలు ఆ గది గడప తొక్కలేదు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా బట్టల మాటలే. "ఆ నీలం కోటు మడత పోలేదు." "ఆ తెల్ల చొక్కా మెడ దగ్గర చూడు." అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఒకే కంచెకి చెరోవైపు కట్టేసిన ఆవులు కూడా ఇంతకంటే బాగా మాట్లాడుకుంటాయి.

క్లబ్బు కెప్టెన్ 'పోస్ట్‌మాన్' ఈ ఏడు కొత్త నియమం పెట్టాడు. క్లబ్బువాళ్ళంతా జంటలుగా పరిగెత్తాలి, చేయీ చేయీ పట్టుకుని గీత దాటాలి, లేకపోతే లెక్కలోకి రారు. టోపీలో చీటీలు వేసి తీస్తే, ఇంకేముంది, గంజి పక్కన నీలిమందు వచ్చింది. దానికి తోడు అత్తగారు ఇంకో బాంబు పేల్చింది. పందెం అయిపోగానే తాళాలగుత్తి ఎవరి మెడలో వేస్తుందో చెప్పేస్తుందట. చిన్నకోడలికి తాళాల యావ లేదు. ఆమెకి కావలసింది ఒకే ఒక్క జవాబు. అక్క తనని కావాలని పడేసిందా లేదా? కావాలనే అయితే ఆ గడపలో ఇక ఒక్క రోజు కూడా ఉండేది లేదని, వేరే కాపురానికి గది చూసి పెట్టమని మొగుడికి ముందే చెప్పేసింది. గది దొరికింది కూడా. సరే, ఇంక ఈల వేయిద్దాం.

ఈల మోగింది.

మొదటి ఎత్తు కొండవీధి మీదుగానే. సొంత కొట్టు ముందు నుంచే పరిగెత్తాలి. అత్తగారు గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే వాళ్ళని తన పద్ధతిలో చూస్తోంది. అదేం పద్ధతంటే, ఆవిడ ఓరచూపు చూడదు. ఎవర్ని చూడాలన్నా మెడంతా తిప్పి, ముఖమంతా వాళ్ళకేసి పెట్టి, నిలదీసినట్టు చూస్తుంది. కోడళ్ళిద్దరూ కాపురానికొచ్చిన కొత్తలో ఆ చూపు గురించి వెనకగదిలో ఎంత నవ్వుకున్నారో చెప్పలేను. పెత్తనం మెడకెక్కితే అంతేనని అనుకునేవాళ్ళు.

"కుడిపక్కకి రా," అంది పెద్దకోడలు. వాళ్ళు పరుగు మొదలుపెట్టి ఇంకా వంద అడుగులు వేయలేదు.

"కుడిపక్కన మురుగుకాలవ ఉంది."

"అయినా సరే, కుడిపక్కకి రా."

చిన్నకోడలు పళ్ళు నూరింది. బట్టల మాటలు కాకుండా ఏడాది తర్వాత నోరు తెరిచి మాట్లాడిన మొదటి మాట ఇదా? తనేమో నున్నటి రోడ్డు మీదా, చెల్లెలు మురుగుకాలవ అంచునా! అయినా నోరు మూసుకుని కుడిపక్కకి మారింది. ఎత్తులో మాట్లాడితే ఊపిరి దండగ, జవాబు అడగాల్సిన చోటు వేరే ఉందని తనకి తాను సర్దిచెప్పుకుంది.

వెనకనుంచి 'హారన్' వచ్చేశాడు. సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ కొట్టీ కొట్టీ గొంతు కూడా అలాగే తయారైంది. అతని జంట కెప్టెన్ పోస్ట్‌మానే. హారన్ రొప్పుతూనే అరిచాడు.

"ఏమమ్మా! అత్తింటి కోడళ్ళు ఒక్క దారిన పరిగెడుతున్నారంటే ఇవాళ సూర్యుడు ఎటు పొడిచినట్టు?"

"నీ బస్సు ఎప్పుడైనా వేళకి వచ్చిందా? ఆ రోజు పొడిచిన వైపే పొడిచాడు," అంది చిన్నకోడలు.

"దెబ్బ తగిలింది తల్లీ," అని గుండె మీద చెయ్యి వేసుకుని, హారన్ ముందుకెళ్ళిపోయాడు. పోస్ట్‌మాన్ మాత్రం ఇద్దరికేసీ ఒకసారి చూసి, తలాడించి, అతని వెనకే పోయాడు. ఆ టోపీలో చీటీలు నిజంగా వాటంతటవే అలా వచ్చాయా అన్న అనుమానం చిన్నకోడలికి మొదటిసారి అప్పుడే కలిగింది.

రెండో ఎత్తు వచ్చేసరికి ఇళ్ళు అయిపోయి, ఒకవైపు కొండరాయి, ఒకవైపు పిట్టగోడ మిగిలాయి. తొడలు మండుతున్నాయి. విరిగి అతికిన చీలమండ, నేనున్నానని అడుగడుక్కీ గుర్తుచేస్తోంది. పక్కన పెద్దకోడలు మాత్రం గంజి పెట్టిన చొక్కాలాగే నిటారుగా పరిగెడుతోంది. అయితే ఆవిడ మెడ మాత్రం నిలకడగా లేదు. కొన్ని అడుగులు వేయడం, మెడంతా ఎడమకి తిప్పి చూడటం, మళ్ళీ ముందుకి. అచ్చం అత్తగారిలాగే. తాళాలు ఇంకా చేతికి రానేలేదు, అప్పుడే మెడకి పెత్తనం వచ్చేసిందే అనుకుంది చిన్నకోడలు, కడుపుమంటతో.

దాంతోనే ఆమెకి ఒక కొంటె బుద్ధి పుట్టింది. కావాలని వేగం తగ్గించి, పెద్దకోడలి వెనకనుంచి చప్పుడు కాకుండా దాటి, ఎడమపక్కకి వచ్చేసింది. ఇప్పుడేమంటుందో చూద్దాం, మురుగుకాలవ కూడా లేదు కదా, ఇంకేం సాకు చెబుతుందో చూద్దాం అని. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో, భుజం పక్కనే పరిగెడుతోంది.

పెద్దకోడలు కుడివైపు చూసింది. ఎవరూ లేరు. వెనక్కి చూసింది. లేరు. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"చెల్లీ?" అంది. ఏడాదిగా ఆ పిలుపే లేదు. "చెల్లీ, ఎక్కడున్నావే? పడ్డావా?"

"ఇక్కడే ఉన్నాను కదక్కా. నీ పక్కనే."

పెద్దకోడలు ఉలిక్కిపడి మెడంతా ఎడమకి తిప్పింది. మనిషి కనబడగానే ఆవిడ కళ్ళల్లో ముందు ప్రాణం లేచొచ్చింది, వెంటనే కోపం వచ్చింది, ఆ కోపం వెనక ఇంకేదో కూడా ఉంది. "కుడిపక్కన ఉండమన్నానా లేదా?" అని కసిరి, చకచకా ముందుకెళ్ళిపోయింది.

ఇంతకీ ఆ చూపులో ఉన్నది పొగరు కాదు, భయం. తేలు కుట్టిన దొంగలో కనబడే భయం కూడా కాదు. చిన్నకోడలు మళ్ళీ కుడిపక్కకి వచ్చి పరిగెత్తింది. ఏడాది పాటు తను వండి పెట్టుకున్న కోపం ఎక్కడో అడుగంటినట్టు అనిపించింది. ఆ అనిపించడం ఆమెకి ఏమీ నచ్చలేదు. కోపం అనేది ఉన్నంతకాలం మనిషికి ఒక ఆసరా కదా.

కొండ మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగారు. అక్కడ అన్నదమ్ములిద్దరూ బల్ల వేసుకుని, పరిగెత్తేవాళ్ళకి గ్లాసులతో నీళ్ళు అందిస్తున్నారు. తమ పెళ్ళాలిద్దరూ పక్కపక్కన రావడం చూసి, పెద్దవాడు నోరు తెరిచాడు, చిన్నవాడు గ్లాసులో నీళ్ళన్నీ బూట్ల మీద పోసుకున్నాడు. చిన్నకోడలు అతని చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని, తాగినట్టు నటించి, తిరిగి ఇచ్చేసింది. ఏం జరిగిందని మొగుడు కళ్ళతోనే అడిగాడు. ఇంకా ఏం జరగలేదని ఆమె కూడా కళ్ళతోనే చెప్పింది.

అక్కణ్ణుంచి దిగుడు. దిగుడులో కాళ్ళు మన మాట వినవు, వాటి దారిన అవి పోతాయి. రెండు వంపులు దాటగానే మోచేతి మలుపు కనబడింది. రోడ్డు ఎడమకి గిరుక్కున తిరుగుతుంది. లోపలి అంచున అదే పిట్టగోడ, గోడ కింద అదే కంకర. చిన్నకోడలికి చీలమండ దగ్గర ఝుమ్మంది.

"అక్కా, ఆగు."

"పందెంలో ఆగడమేంటి?"

"నేనిక్కడే పడ్డాను."

"తెలుసు," అంది పెద్దకోడలు, ఆగకుండానే.

చిన్నకోడలు చెయ్యి పట్టుకుని ఆపేసింది. వెనకనుంచి వస్తున్నవాళ్ళు తిట్టుకుంటూ చుట్టూ తిరిగి పోయారు. ఆమె పట్టించుకోలేదు.

"చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ రోజు నా కాళ్ళకి కావాలనే అడ్డం వచ్చావా? రోడ్డంతా ఖాళీగా ఉంది. నీ పక్కనే పరిగెడుతున్నాను. ఏనుగంత మనిషిని, కనబడకుండా ఎలా ఉంటాను? పోనీ, తగిలావు. వెనక్కి కూడా చూడలేదు కదక్కా! ఒక్కసారైనా చూసి ఉంటే నేను ఏదోలా సర్దుకునేదాన్ని. ఏడాదిగా రోజూ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఇదే ఆలోచిస్తున్నాను. నువ్వు అవునంటే రేపే మేం వెళ్ళిపోతాం. గది కూడా చూసుకున్నాం."

"గది చూసుకున్నారా?" పెద్దకోడలు మెల్లగా పిట్టగోడ మీద కూర్చుంది. "నా ఎడమపక్క నిలబడు," అంది.

"ఎందుకు?"

"నిలబడవే. నేను ఎదురుగా ఆ కరెంటు స్తంభాన్నే చూస్తుంటాను, చూపు మళ్ళించను. నువ్వు నా ఎడమ చెవి పక్కన చెయ్యి ఊపు."

చిన్నకోడలికి తిక్క రేగింది. ఈ వయసులో ఆటలేంటి అనుకుంది. అయినా నిలబడి చెయ్యి ఊపింది. పెద్దకోడలు స్తంభాన్నే చూస్తూ కూర్చుంది.

"ఊపు మరి," అంది.

"ఊపుతున్నాను."

"ఇంకాస్త ముందుకి రా. మొదలుపెట్టాక చెప్పు."

"అక్కా," అంది చిన్నకోడలు. "ఎప్పుడో మొదలుపెట్టాను. ఇందాకట్నుంచీ ఊపుతూనే ఉన్నాను."

చెయ్యి బుగ్గ దాటి, దాదాపు ముక్కు ఎదురుగా వచ్చేదాకా పెద్దకోడలి కన్ను కదల్లేదు. అప్పుడు కదిలింది. "ఆ, ఇప్పుడు కనబడింది," అంది. "అదీ సంగతి."

చిన్నకోడలు ఆ చేతిని అలాగే గాల్లో వదిలేసి నిలబడిపోయింది.

"ఆ రోజు నువ్వు వెనక ఉన్నావనుకున్నాను. మలుపు లోపలి అంచున పోతే దూరం తగ్గుతుంది కదా, అటు తిరిగాను. కాలికి ఏదో తగిలింది. రాయేమో అనుకున్నాను. పరిగెత్తుతూనే ఉన్నాను. పడ్డావని గీత దాటాకే తెలిసింది. మలుపు తిరిగాక నీ అరుపు మాత్రం వినబడింది. కళ్ళు కనబడట్లేదా అని." పెద్దకోడలు చిన్నగా నవ్వింది. ఏడుపులాంటి నవ్వు. "తిట్టుగానే అన్నావు గానీ, నిజమే అన్నావు. నాకే తెలీదు అప్పటికి."

"మరి ఆసుపత్రికి ఎందుకు రాలేదు?"

"రాలేదని ఎవరన్నారు? వచ్చాను. నీ గది పై అంతస్తులో. మెట్ల దాకా వచ్చి, పైకెక్కే ధైర్యం చాల్లేదు. ఏమని చెప్పను? నువ్వు నాకు కనబడలేదు అంటే నువ్వు నమ్ముతావా? నేనే నమ్మలేదు. అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాను. అది కంటి డాక్టరు గది ముందు బెంచీ అట. నేను కూడా వరుసలో ఉన్నాననుకుని లోపలికి పిలిచేశారు. కాదని చెప్పడానికి మొహమాటమేసింది. వెళ్ళి కూర్చున్నాను."

చిన్నకోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఇలాంటి పని ఈవిడే చెయ్యగలదు. ఎదుటివాళ్ళకి కాదని చెప్పలేక, వాళ్ళు ఇచ్చిన ఖరీదైన కోటు మీద ఎన్నేళ్ళ మరకనైనా అర్ధరూపాయి కూడా అడక్కుండా తీసిచ్చే మనిషి.

"కంట్లో ఒత్తిడట," పెద్దకోడలు చెబుతోంది. "నొప్పి ఉండదు, ఎర్రబడదు. చాటుగా పక్కచూపు కొరుక్కుతినేస్తుందట. ఎడమకంట్లో చాలావరకు తినేసింది, కుడికంట్లో కూడా ముక్కు వైపు కొంత. పోయింది తిరిగి రాదు. మిగిలింది చుక్కలమందుతో కాపాడుకోవచ్చన్నాడు. ఎదురుగా ఉన్నది మాత్రం సూది బెజ్జం కూడా కనబడుతుంది. అందుకే పని ఆగలేదు."

"బావగారికి చెప్పావా?"

"మీ బావగారి నోట్లో నువ్వుగింజ నానుతుందా? పొద్దున చెబితే మధ్యాహ్నానికి ఊళ్ళో వ్యాను వెళ్ళిన ప్రతి ఇంటికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత అత్తయ్యకి. నీకు గుర్తులేదా? మన కొట్లో బట్టలు విడదీసే ముసలాయన ఉండేవాడే, ఎవరిదో కోటు మీద సిరామరక చూడలేదని, 'చూపు ఆననివాళ్ళకి నా కొట్లో చోటు లేదు' అని ఇంటికి పంపించేసింది. ఆ బల్ల లేకపోతే నేనేం చెయ్యనే? నాకు ఇంకో పని రాదు. ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడే నేను మనిషినన్నట్టుంటుంది."

"అందుకని నాతో మాట్లాడటం మానేశావా?"

"నీతో మాట్లాడితే చెప్పేస్తాను. నాకు తెలుసు. అందుకే బట్టల గురించి తప్ప నోరు తెరవలేదు."

చిన్నకోడలు కంకరలో కూలబడి, అక్క మోకాళ్ళ మీద తల పెట్టుకుని భోరుమంది. ఏడాదిగా గుండెల మీద పెట్టుకుని తిరిగిన బండరాయి ఒక్కసారిగా దొర్లి, కొండ కిందకి పోయినట్టయింది. కావాలని కాదు. అక్క తనని కావాలని పడెయ్యలేదు. ఎంత హాయి! ఆ హాయి చాలక, తనెంత పాపిష్టిదాన్నో అన్న సిగ్గు కూడా కలిసి, ఏడుపు ఇంకాస్త గట్టిగా వచ్చింది.

"నేనేమో నువ్వు కావాలనే..."

"పిచ్చిదానా! నీ కాలు విరగ్గొడితే నీ ఇస్త్రీ ఎవరు చేస్తారే? నువ్వు మంచం దిగేదాకా దుప్పట్లన్నీ నేనేగా చేసి చచ్చాను! హోటలు దుప్పట్లు! అంత బుద్ధిలేని పని ఎవరైనా కావాలని చేసుకుంటారా?"

ఆ మాటతో ఏడుపు కాస్తా నవ్వయింది. పిట్టగోడ పక్కన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని అలా నవ్వుతుంటే, పందెంలో అందరికంటే వెనక వస్తున్న ఒక పెద్దాయన ఆగి, "ఏమైనా సహాయం కావాలా అమ్మా?" అని అడిగాడు. వీళ్ళు చెప్పలేక చెయ్యి ఊపితే, జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వీళ్ళ వెనక ఇక ఎవరూ లేరు.

"లే," అంది పెద్దకోడలు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ గంజి పెట్టిన చొక్కా అయిపోయింది. "ఒక్కటి మాత్రం. అత్తయ్యకి తెలీకూడదు. నిన్న ఆ చుక్కలమందు సీసా కూడా కనబడలేదు. కొట్లో బీరువాలో గంజి పొట్లాల వెనక పెట్టేదాన్ని. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. అయినా లేదు. రాత్రి మందు వేసుకోలేదు. గుండె పీచుపీచుమంటోంది."

"నేను వెతికి పెడతాను. దొరక్కపోతే ఇవాళే కొత్తది తెస్తాను. నేను చచ్చినా చెప్పను, ఒట్టు." చిన్నకోడలు లేచి, కంకర దులుపుకుని, అక్కకి ఎడమవైపు వచ్చి నిలబడింది. "ఇక్కడ నేనుంటాను. ఇవాళ్టి నుంచి నీ ఎడమకన్ను నేను."

"మాటలు బాగానే నేర్చావు."

"పద పద. హారన్‌గాడికి దొరికితే మన పరువు బస్సు కింద పడినట్టే."

పరిగెత్తారు. చిన్నకోడలు నోరు ఆగలేదు. "గుంట వస్తోంది, కుడికి రా. రాయి. ఇక్కడ ఎవరో నీళ్ళసీసా పారేశారు, చూసుకో. ఇంకో మలుపు, ఎడమకి, నిదానం, ఆ, ఇప్పుడు తిరుగు." ఏడాది మాటలన్నీ ఆ దిగుడులోనే ఆడేసింది. మధ్యలో కొత్త ఇస్త్రీ స్టీమరు పైపు కారుతున్న సంగతి, పక్కింటావిడ కూతురు ఎవరినో ఇష్టపడుతున్న సంగతి, మొగుడికి గురక మొదలైన సంగతి కూడా చెప్పేసింది. పెద్దకోడలు రొప్పుతూ, "ఊపిరి పీల్చుకోవే," అంటూనే ప్రతిదానికీ నవ్వింది. చీలమండ నొప్పి ఎప్పుడు పోయిందో చిన్నకోడలికి తెలియలేదు.

సహాయం చెయ్యబోయిన పెద్దాయన్ని దాటారు. బజారు మొదట్లో, తొడపట్టేసి గోడకానుకున్న హారన్‌నీ, అతని కాలు పిసుకుతున్న పోస్ట్‌మాన్‌నీ కూడా దాటేశారు.

"బ్రేకులు పట్టేశాయా బాబూ?" అని అరిచింది చిన్నకోడలు.

"అమ్మా, నవ్వొద్దమ్మా, నవ్విస్తే ఇంకా పట్టేస్తుంది!" అని హారన్ మూలిగాడు. పోస్ట్‌మాన్ మాత్రం వాళ్ళ చేతులకేసి చూసి, ఇక తన పని అయిపోయిందన్నట్టు హాయిగా నవ్వాడు. అప్పటికే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు మరి. గీత ఇంకా చాలా దూరం ఉండగానే.

గడియారం స్తంభం కింద గీత దాటారు. ఎన్నో స్థానమో ఇద్దరూ అడగలేదు. చిన్నకోడలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, ఇక గది అవసరం లేదని మొగుడికి ఎలా చెప్పాలా అని తనలో తాను నవ్వుకుంటోంది. ఇంతటి తేలిక ఎన్నాళ్ళకి!

ఆమె తలెత్తేసరికి ఎదురుగా అత్తగారు నిలబడి ఉంది.

కొట్టు వదిలి ఆవిడ ఇంత దూరం వచ్చిందంటే చిన్న విషయం కాదు. మెడలో తాళాలగుత్తి ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఆవిడ మెడంతా తిప్పి పెద్దకోడల్ని చూసింది, మళ్ళీ మెడంతా తిప్పి చిన్నకోడల్ని చూసింది. తర్వాత పిడికిలి విప్పింది. అరచేతిలో చిన్న చుక్కలమందు సీసా. దానికి లాండ్రీ నంబరున్న గుడ్డముక్క కట్టి ఉంది.

"గంజి పొట్లాల వెనక దొరికింది," అంది అత్తగారు. "మన కొట్లో సొంతదారు లేని వస్తువు ఉండకూడదు కదా. ఇది ఎవరిది?"

పెద్దకోడలి చెయ్యి చిన్నకోడలి చేతిలో చల్లబడిపోయింది. ఇద్దరికీ ఆలోచించే సమయం లేదు.

"నాది అత్తయ్యా," అంది పెద్దకోడలు.

"నాది అత్తయ్యా," అంది చిన్నకోడలు, సరిగ్గా అదే క్షణంలో, ఇంకాస్త గట్టిగా.

అత్తగారు ఇద్దరికేసీ చాలాసేపు చూసింది. ఆవిడ పెదవులు ఒక్కసారి వణికాయి. నవ్వు వచ్చినందుకో, ఏడుపు వచ్చినందుకో తెలియలేదు. అప్పుడు ఎడమచెయ్యి కూడా చాపి, మెల్లగా వేళ్ళు విప్పింది. ఆ చేతిలో కూడా ఒక సీసా ఉంది. అదే మందు, అదే మూత, కానీ దీని చీటీ రోజూ వేళ్ళు రాసుకుని వెలిసిపోయి ఉంది. గుడ్డముక్క లేదు.

"దీనికి నంబరు అక్కర్లేదు," అంది అత్తగారు. "ఇది నాది. మీ మామగారు ఉన్నప్పటి నుంచీ వేసుకుంటున్నాను. ఆయనకి కూడా చెప్పలేదు."

అత్తగారు మెడలోంచి తాళాల తాడు తీసి చేతిలో పట్టుకుంది.

"ఇంటికి పదండి," అంది. "ఆ ముసలాయన్ని ఎందుకు పంపించేశానో ముందు మీ ఇద్దరికీ చెప్పాలి. అది విన్నాక కూడా మీరు తీసుకుంటామంటేనే ఈ తాళాల సంగతి."